చౌటుప్పల్ నుంచి విశాఖకు, ఎనభై టైర్ల మీద

సంక్రాంతి రద్దీ పూర్తిగా తగ్గేదాకా బండి రోడ్డెక్కించొద్దని పోలీసులు ముందే చెప్పారు. పండక్కి హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద టోల్‌గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లెవరూ ఆ మాటకు ఎదురు చెప్పరు. అలా మా ప్రయాణం 2025 జనవరి ఆఖరి వారానికి జరిగింది.

సరుకు ఒక డిస్టిలేషన్ కాలమ్, అంటే చమురును వేడిచేసి వేర్వేరు భాగాలుగా విడగొట్టే నిలువు స్తంభం. విశాఖపట్నంలోని రిఫైనరీలో నిలబెట్టాల్సిన ఉక్కు గొట్టం. పొడవు 32 మీటర్లు, బరువు 80 టన్నులు. వ్యాసం 3.7 మీటర్లే గానీ, క్రేన్‌తో ఎత్తడానికి పక్కలకు పెట్టిన ట్రనియన్లు, అంటే బొడిపెలు కలుపుకుంటే వెడల్పు 4.2 మీటర్లు. ట్రెయిలర్ మీదికెక్కాక నేల నుంచి ఎత్తు 5.3 మీటర్లు.

మామూలు లారీకి చట్టం ఇచ్చిన కొలతలు వేరు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 93వ నియమం ప్రకారం వెడల్పు 2.6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు, ట్రెయిలర్‌తో కలిపి పొడవు 18.75 మీటర్లు దాటకూడదు. ఏ ఒక్కటి దాటినా దాన్ని ఓడీసీ (ఓవర్ డైమెన్షనల్ కార్గో) అంటాం. మాది మూడూ దాటింది. అనుమతి లేకుండా ఇలాంటి సరుకుతో దొరికితే, చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 20 వేల రూపాయల జరిమానా. అదనపు సరుకు దించించే ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలి.

అనుమతి అడగాలంటే ముందు సరుకు విడదీయలేనిదై ఉండాలి. ఇనుప రాడ్లు ఎక్కువ వేసుకుని ఓడీసీ పర్మిషన్ ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. కాలమ్‌ని రెండు ముక్కలుగా తీసుకెళ్లి అక్కడ అతికించొచ్చు కదా అని మా ఇంట్లోనే అడిగారు. అతికించొచ్చు. కానీ సైట్‌లో ఆ వెల్డింగు, దానికి హీట్ ట్రీట్‌మెంట్, ఎక్స్‌రే, నీళ్లు నింపి ప్రెజర్ పరీక్ష అన్నీ మళ్లీ మొదటి నుంచీ చేయాలి. దానికంటే రోడ్డు మీద నాలుగు రోజులు ఎక్కువ నలిగినా ఒకే ముక్కగా తెప్పించుకోవడమే మేలని రిఫైనరీవాళ్లు అనుకుంటారు.

నేను రవాణా కంపెనీలో పర్మిషన్ల పని చూస్తాను. ఏ కాగితం ఏ ఆఫీసులో ఎన్నాళ్లు పడుకుంటుందో నాకు బాగా తెలుసు. ఈసారి ఆ కాగితాలు పట్టుకుని బండితో పాటే బయల్దేరాను.

ఆదివారం, చౌటుప్పల్

లోడింగ్ సాయంత్రానికి అయింది. 32 మీటర్ల గొట్టాన్ని ఒకే ట్రెయిలర్ మీద పడుకోబెడితే ఏ మలుపూ తిరగదు. అందుకని ముందు అయిదు యాక్సిళ్ల బోగీ ఒకటి, వెనక అయిదు యాక్సిళ్ల బోగీ ఇంకొకటి. ఒక్కో బోగీ మీద గుండ్రంగా తిరిగే టర్న్‌టేబుల్, దాని మీద కాలమ్. రెండు బోగీలనూ కలిపే చాసిస్ ఏదీ ఉండదు, ఆ కాలమే రెంటినీ కలుపుతుంది. యాక్సిల్‌కు ఎనిమిది టైర్లు. ముందు లాగే ట్రక్కును పుల్లర్ అంటారు.

పుల్లర్ డ్రైవర్‌ని అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. బిహార్ మనిషి, తెలుగు బాగా అర్థమవుతుంది, తిట్లు ఇంకా బాగా వచ్చు. వెనక బోగీని నడిపే ఆపరేటర్‌ది మాత్రం కోదాడ దగ్గర ఊరు. వెనక చక్రాలు వాటంతట అవి తిరగవు. అతను బోగీ పక్కన నడుస్తూనో, దాని మీద కూర్చునో హైడ్రాలిక్ లీవర్లతో తిప్పాలి. ఉస్తాద్‌కి వెనక ఏం జరుగుతోందో కనపడదు, ఆపరేటర్‌కి ముందు ఏముందో కనపడదు. ఇద్దరికీ మధ్య ఉండేది వాకీటాకీ ఒక్కటే.

సూపర్‌వైజర్‌ని నేను బాబాయ్ అంటాను. చుట్టరికం ఏమీ లేదు, ఆయన వయసుకి అలా అలవాటైంది. రాత్రి టేపు పట్టుకుని కొలతలన్నీ ఇంకోసారి కొలిపించాడు. ఫ్యాక్టరీ డ్రాయింగ్ మీద అంకె రాసి ఉంది కదా అంటే, "డ్రాయింగ్ రోడ్డు మీద నడవదు నాయనా" అన్నాడు. అన్నట్టే పైన పైపు తగిలించే ఒక నాజిల్‌కి బిగించిన మూత బోల్టులు డ్రాయింగ్‌లో లేని నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్నాయి. మూత విప్పించి పల్చటి ప్లేటు వేయించాడు.

సోమవారం, నకిరేకల్ దాకా

తెల్లవారాకే కదలాలని మా అనుమతిలో ఉంది. ముందొక పైలట్ బండి, వెనకొక పైలట్ బండి, పగలు ఎర్ర జెండాలు, చీకటి పడితే ఎర్ర దీపాలు, పొగమంచులో ఎక్కడున్నది అక్కడే ఆగడం, ఆగినప్పుడు తారు రోడ్డు దిగి పక్కకు పెట్టడం. ఇలా రెండు పేజీల షరతులు.

మొదటి పరీక్ష పంతంగి టోల్‌ప్లాజా. చౌటుప్పల్ దాటగానే వచ్చేస్తుంది. టోల్‌ప్లాజాల్లో మామూలు లేన్ వెడల్పు 3.2 మీటర్లు. ఇలాంటి బండ్ల కోసం చివర ఒక వెడల్పాటి లేన్ 4.5 మీటర్లతో కట్టాలని ప్రమాణాల్లోనే ఉంది. మేం 4.2. అంటే అటు పదిహేను, ఇటు పదిహేను సెంటీమీటర్లు. అదీ బండి దారం పట్టి గీసినంత తిన్నగా వస్తేనే. ఉస్తాద్ ప్లాజాకి చాలా ముందే బండిని సరళరేఖలో పెట్టుకుని, ఇక స్టీరింగ్ ముట్టుకోలేదు. రెండు వైపులా ఇద్దరు హెల్పర్లు ట్రనియన్ మీద చూపు పెట్టి వెనక్కి నడిచారు. దాటేసరికి పది నిమిషాలు పట్టింది.

దాటడం కంటే డబ్బు కట్టడానికే ఎక్కువ సేపైంది. ఏడు, ఆపైన యాక్సిళ్లున్న ప్రతి బండీ టోల్ లెక్కలో 'ఓవర్‌సైజ్డ్' కిందికి వస్తుంది, అన్నిటికంటే పై రేటు. ఫాస్టాగ్ మాత్రం పుల్లర్ పేరు మీద ఉంటుంది. ట్యాగులో ఉన్న క్లాసుకీ కళ్లెదురుగా ఉన్న యాక్సిళ్లకీ పొంతన కుదరక బూత్‌లో కుర్రాడు వాళ్ల మేనేజర్‌ని పిలిచాడు. ఆయన వచ్చి యాక్సిళ్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, మా మొహాలు చూసి నవ్వేశాడు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు లేన్ల రోడ్డు, గంటకు ఇరవై కిలోమీటర్ల లోపు వేగం, పక్కనుంచి పోయే ప్రతి బస్సు కిటికీలోంచి ఒక సెల్‌ఫోన్.

మంగళవారం, కోదాడ

నకిరేకల్ దగ్గర పొద్దున్నే పొగమంచు పట్టింది. షరతు ప్రకారం ఆగాం. తొమ్మిదిన్నరకు గానీ కదల్లేదు. అటు పోయే ఇసుక లారీలు, కోడిగుడ్ల వ్యాన్లు అదే మంచులో లైట్లేసుకుని దూసుకుపోతుంటే మా వాళ్లకు చిరాకు. నాకైతే ఈ షరతు రాసినవాళ్ల మీద గౌరవమే ఉంది. మా బండి ఆగాలంటే దూరం కావాలి. మంచులో వెనకనుంచి వచ్చేవాడికి 32 మీటర్ల గొట్టం తోక ఎక్కడుందో ఆఖరి క్షణం దాకా తెలీదు.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు జనం మూగారు. రాకెట్ అని ఒకాయన తేల్చేశాడు. శ్రీహరికోట ఇటువైపు కాదు కదా అని పక్కనున్నాయన సందేహం. పైలట్ బండి కుర్రాడు ఎవరేమడిగినా "అవునండీ" అంటూ పోయాడు.

కోదాడ దగ్గర రాత్రి మకాం. ఆపరేటర్ ఇంటికెళ్లి భోజనం చేసి, తిరిగొచ్చి బోగీ కింద పరుపు వేసుకున్నాడు. ఇంట్లోనే పడుకోవచ్చు కదా తమ్ముడూ అంటే, "హైడ్రాలిక్ ఆయిల్ కారితే ఎవడు చూస్తాడు సార్" అన్నాడు. రాత్రంతా ఆ బరువు సిలిండర్లలోని నూనె మీదే నిలబడి ఉంటుంది. ఒక్క పైపు లీకైనా ఒకవైపు కుంగుతుంది.

బుధవారం, గరికపాడు, నందిగామ

తెలంగాణ దాటి ఆంధ్రలోకి వచ్చాం. పాలేరు మీద గరికపాడు వంతెన దగ్గర 2024 సెప్టెంబరు వరదలకు రోడ్డు కోసుకుపోయి హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దారిలో ఎత్తులు, వెడల్పులు, అడ్డాలు ముందే చూసి రాసుకునే మా రూట్ సర్వే మొదటిసారి చేసింది ఆ వరదలకు ముందు. తర్వాత మళ్లీ చేయించాం. నా ఉద్యోగంలో అందరూ తేలిగ్గా తీసుకునే పని ఇదే. సర్వే ఒకసారి చేస్తే చాలని పాత రిపోర్టులో తేదీ మార్చి వాడేసేవాళ్లు ఈ వ్యాపారంలో తక్కువేం కాదు. రోడ్డు ఉన్నచోటే ఉంటుంది గానీ, ఉన్నట్టే ఉండదు.

ఆ సంగతి ఆ మధ్యాహ్నమే తేలింది. దారి మీదుగా పోయే ఒక వంతెన కింద బోర్డు మీద 5.5 మీటర్లు అని రాసి ఉంది. జాతీయ రహదారుల మీద అడ్డంగా కట్టే కట్టడాలకు సాధారణంగా వదిలే ఎత్తు అది. మాది 5.3. ఇరవై సెంటీమీటర్లు ఉంది కదా, వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది. బాబాయ్ మాత్రం బండి ఆపించి, పొడవాటి ఫైబర్ కర్రతో మూడు చోట్ల కొలిపించాడు. ఒకచోట 5.46, ఒకచోట 5.41, ఎడమ లేన్‌లో 5.36.

తేడా ఎక్కడిదంటే తారుది. రోడ్డు పాతబడినప్పుడల్లా పైన కొత్త పొర వేస్తారు. ప్రతి పొరకూ రోడ్డు నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేస్తుంది, పైనున్న కాంక్రీటు దూలం మాత్రం లేవదు. బోర్డు మీద అంకె కట్టిన రోజు నాటిది. దాన్ని నమ్మి ఎడమ లేన్‌లో వెళ్తే ఆరు సెంటీమీటర్లే మిగిలేవి, చక్రం చిన్న గతుకులో పడి లేచినా కాలమ్ తగిలేది.

మధ్య లేన్‌లోకి మార్చి, రెండు బోగీలనూ హైడ్రాలిక్‌తో పదిహేను సెంటీమీటర్లు కిందికి దించారు. ఈ యాక్సిళ్లు అందుకే. ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, వాలుగా ఉన్న రోడ్డు మీద ఒకవైపు లేపి సరుకును మట్టంగా పెట్టుకోవచ్చు. వెనక పైలట్ ట్రాఫిక్ ఆపాడు. కింద నడుస్తూ పైకి చూస్తుంటే మెడ పట్టేసింది. అవతలికి చేరాక మళ్లీ లేపారు. నేను ఆ మూడు అంకెలూ రిపోర్టులో రాసుకుని, లేన్ పేరుతో సహా ఆఫీసుకు పంపాను.

చిల్లకల్లు టోల్ దాటి నందిగామ చేరేసరికి పొద్దు వాలింది.

గురువారం, ఇబ్రహీంపట్నం

నందిగామ నుంచి పొద్దున్నే ఇక్కడికి చేరాక, ఇక రోజంతా కదల్లేదు. ఇక్కడ కొంచెం కోపంగానే రాస్తున్నాను.

విజయవాడ నగరంలోంచి వెళ్లనివ్వరు. వెస్ట్ బైపాస్ అప్పటికి పూర్తిగా అందుబాటులోకి రాలేదు. ఇక భారీ బండ్లు పట్టే దారి ఒకటే: ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, అక్కడి నుంచి నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్. ఇందులో మైలవరం దాకా 30వ నంబరు జాతీయ రహదారి. ఆ తర్వాతది రాష్ట్ర రోడ్డు.

జాతీయ రహదారుల అనుమతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. బండి కొలతలు, యాక్సిల్ బరువులు, దారి అన్నీ నింపితే వ్యవహారం ఒక పద్ధతిలో నడుస్తుంది. రాష్ట్ర రోడ్డుకు మళ్లీ ఆర్ అండ్ బీ. వైర్లకు విద్యుత్ పంపిణీ సంస్థ. బందోబస్తుకు పోలీసులు, అదీ జిల్లాకి వేరేగా. చెట్టు కొమ్మ కొట్టాలన్నా ఇష్టం వచ్చినట్టు కుదరదు, నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం ఉంది. ఒక్కొక్కరి షరతు విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. పోలీసులు పగలు వద్దంటారు, జనం తిరిగే రోడ్డు కాబట్టి. కరెంటువాళ్లు రాత్రి లైన్ ఆపలేమంటారు, లైన్‌మెన్ పగలే దొరుకుతారు కాబట్టి. ఇద్దరి కాగితాలూ నా ఫైల్లో ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉంటాయి. రెండూ కలిసే గంట ఏదో కనిపెట్టాల్సింది మాత్రం నేను. వందల కిలోమీటర్ల హైవే పర్మిషన్ కంటే ఈ ముక్కకే ఎక్కువ రోజులు పట్టింది. ఈ అనుమతులన్నీ ఒకే కిటికీ దగ్గర ఇచ్చే ఏర్పాటు రానంతకాలం, కాగితం లేకుండా అర్ధరాత్రి దొంగచాటుగా దాటించేవాళ్లు ఉంటూనే ఉంటారు.

చివరికి తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి, స్కూలు బస్సులు తిరిగేలోపు వీలైనంత దూరం, మళ్లీ మధ్యాహ్నం రెండు గంటలసేపు. అలా కుదిరింది.

ఖాళీగా కూర్చోలేక సాయంత్రం థర్మల్ స్టేషన్ వైపు నడిచాను. రోడ్డుకు అడ్డంగా పెద్ద పెద్ద లైన్లు పోతుంటాయి. చూసేవాళ్లకు అవే భయం. నిజానికి అవి మాకు అడ్డే కావు. 400 కేవీ లైను నేలకు కనీసం ఎనిమిదిన్నర మీటర్లకు పైనే ఉండాలి. రోడ్డు దాటే 11 కేవీ లైను 6.1 మీటర్లు, ఇళ్లకిచ్చే లైను 5.8 మీటర్లు ఉండాలని పాత విద్యుత్ నియమాల్లోనే రాశారు. అవన్నీ ఆ ఎత్తులో ఉంటే 5.3 మీటర్ల బండికి ఒక్కచోట కూడా ఆగాల్సిన పని లేదు. మమ్మల్ని ఆపేవి ఏ నియమానికీ లొంగనివి: ఒక డాబా మీంచి ఎదురు డాబాకి లాగిన సర్వీసు వైరు, కేబుల్ టీవీ తీగ, ఇంటర్నెట్ ఫైబర్, పెళ్లికి కట్టి విప్పని సీరియల్ బల్బులు.

శుక్రవారం, నూజివీడు మీదుగా

అయిదింటికి కదిలాం. ఇద్దరు హెల్పర్లు ఎండు వెదురు కర్రలు పట్టుకుని కాలమ్ ముందు నడిచారు. కర్ర చివర పంగ, దానికి రబ్బరు తొడుగు. సర్వీసు వైరు వస్తే లైన్‌మన్ సరఫరా ఆపాడని చేత్తో సైగ చేశాకే దాన్ని పైకి లేపి, కాలమ్ వీపు మీదుగా చివరిదాకా జారనివ్వాలి. మా పైలట్ బండికి ముందు ఒక కర్ర నిలబెట్టి ఉంటుంది, బండి ఎత్తు కంటే పది సెంటీమీటర్లు ఎక్కువ. అది తగిలితే వెనక బండి ఆగిపోతుంది. ఆ దారిలో అది తగులుతూనే ఉంది.

మైలవరం మలుపు దగ్గర అరగంట. పుల్లర్ మలుపు తిరిగి కాలమ్ సగం దాకా వచ్చాక వెనక బోగీ ఇంకా పాత రోడ్డు మీదే ఉంటుంది. అప్పుడు ఆపరేటర్ దాన్ని మలుపుకు ఎదురు దిశలో తిప్పి, తోకను బయటికి నెట్టి, నెమ్మదిగా లోపలికి లాక్కొస్తాడు. "కొంచెం... కొంచెం... ఆగు ఉస్తాద్! అద్దం చూసుకో... ఇప్పుడు పో." ఒక మెడికల్ షాపు రేకుల చూరుకీ ట్రనియన్‌కీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు. షాపు ఓనరు మందులు కొనేవాళ్లను వదిలేసి బయటికొచ్చి తన చూరును చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, దాంతో ఏదో ఆగుతుందన్నట్టు. తగల్లేదు.

నూజివీడు వైపు రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు, నిండా పూత. తోటల్లో చెట్లు ఇబ్బంది పెట్టవు, రోడ్డంచున ఉన్న పాత చింతలే. ముందే అనుమతి తీసుకున్న కొమ్మలు కొట్టించాం. అనుమతి లేని ఒక కొమ్మ దగ్గర బోగీలు పూర్తిగా దించి, ఎదుటి వైపు మట్టి అంచు మీద ఇనుప ప్లేట్లు పరిచి, దాని మీదుగా తప్పించుకుపోయాం. కొమ్మ కొడితే రెండు నిమిషాల పని, ప్లేట్లు పరిచి తియ్యడానికి గంట. ఉస్తాద్ ఆ గంటసేపూ హిందీలో గొణుగుతూనే ఉన్నాడు.

ఒక ఊళ్లో కేబుల్ తెగింది. కర్రతో లేపిందే, కానీ అవతలి స్తంభం దగ్గర పాత అతుకు ఊడింది. కేబుల్ ఆపరేటర్ పది నిమిషాల్లో బైక్ మీద వచ్చేశాడు. ఊరంతా టీవీలు ఆగిపోయాయనీ, కొత్త వైరు మొత్తం వేసివ్వాలనీ పట్టు. బాబాయ్ గొంతు పెంచలేదు. అతుకు చూపించాడు, మా బండిలో ఉన్న కేబుల్ చుట్ట, జాయింటర్ చూపించాడు, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. అతనే అతికించుకుని, కూలి తీసుకుని, పోతూ పోతూ "పక్కూళ్లో మావాడే, నేను ఫోన్ చేసి చెప్తాలెండి" అన్నాడు. పక్కూళ్లో తీగలన్నీ అప్పటికే లేపి కట్టి ఉన్నాయి.

హనుమాన్ జంక్షన్ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేసరికి చీకటి పడింది.

శనివారం

ఏలూరు బైపాస్, గుండుగొలను. ఇక్కడి నుంచి కొత్త దారి దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోతుంది. మాకు అనుమతి వచ్చింది తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోయే పాత దారికి. ఆ కాగితం చెప్పిన దారి తప్ప ఇంకో దారి ఎంత బాగున్నా వెళ్లడానికి లేదు. సిద్ధాంతం ముందు మకాం. ఆ రోజుకి అంతే.

ఆదివారం, రెండు పాయల గోదావరి

ధవళేశ్వరం దిగువన గోదావరి చీలుతుంది. అందుకని ఈ దారిలో రెండుసార్లు దాటాలి: సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం–జొన్నాడ మధ్య గౌతమి. ట్రాఫిక్ తక్కువని ఆదివారం పొద్దున పెట్టుకున్నాం.

వంతెన మీద మా షరతు సూటిగా ఉంటుంది. బండి నడిమధ్యన పోవాలి, మనిషి నడక వేగంతో పోవాలి, మధ్యలో ఆగకూడదు, బ్రేకు వెయ్యకూడదు, ఆ వంతెన భాగం మీద ఇంకో బండి ఉండకూడదు. ఇది మా ఊరి పోలీసాయన కనిపెట్టింది కాదు. మన వంతెనల బరువుల లెక్క ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఆరో నంబరు కోడ్‌లో ఉంటుంది. ఇరవై యాక్సిళ్ల ట్రెయిలర్, పుల్లర్ కలిపి 385 టన్నుల ప్రత్యేక వాహనానికి అందులో లెక్క రాశారు. గంటకు అయిదు కిలోమీటర్ల లోపు వేగం, పెద్ద గాలి ఉన్నప్పుడు దాటకూడదు, నడిమి గీతకు 30 సెంటీమీటర్లకు మించి పక్కకు జరగకూడదు. అలా నడుపుతారన్న నమ్మకంతోనే వాళ్లు ఆ లెక్కలో బ్రేకుల తోపును కలపలేదు. అంటే వంతెన మీద బ్రేకు వేసిన డ్రైవర్, ఇంజినీరు లెక్కలో లేని బరువును అప్పటికప్పుడు పుట్టిస్తున్నాడన్నమాట.

మా మొత్తం బరువు పుల్లర్‌తో కలిపి 145 టన్నుల లోపే. సిద్ధాంతం దగ్గర ఆపిన ట్రాఫిక్‌లో ముందు నిలబడ్డ ఒక ఇసుక లారీ డ్రైవర్ కిందికి దిగి, "వంతెన కూలుద్దేమో సార్" అన్నాడు. కాసేపు నిలబడి లెక్క చెప్పాను. కాలమ్, బోగీలు కలిపి దాదాపు 125 టన్నులు. యాక్సిళ్లు పది, ఒక్కోదానికి ఎనిమిది టైర్లు. టైరుకి ఒకటిన్నర టన్ను చిల్లర. లారీ వెనక నాలుగు టైర్ల యాక్సిల్‌కి 2018 నుంచి చట్టం ఒప్పుకునేదే 11.5 టన్నులు, అంటే టైరుకి మూడు టన్నులకు కాస్త తక్కువ. అదీ అతను చట్టం ప్రకారమే ఇసుక పోసుకుంటే. అతను తన లారీ వైపు ఒకసారి చూసి, ఆ సంగతి వదిలేసి ఎక్కడిదాకా పోతున్నారని అడిగాడు.

వంతెన మీద అందరం నడిచాం. జాయింట్ల దగ్గర ఇనుప పలకల మీద బోగీలు ఎక్కుతుంటే ఠక్, ఠక్ అని పది యాక్సిళ్ల చప్పుడు వరసగా వినపడేది, ముందు అయిదు, చాలా ఎడం తర్వాత వెనక అయిదు. ఆ ఎడమే వంతెనకు సాయం. బరువు ఎంతన్నది ఒక్కటే చాలదు, దాన్ని ఎంత పొడవునా పరిచారన్నది కూడా చూస్తారు. అదే 80 టన్నులు ఒక పొట్టి ట్రాన్స్‌ఫార్మర్ అయితే మాకు ఇంత తేలిగ్గా అనుమతి వచ్చేది కాదు.

గౌతమి మీద గాలి లేచింది. కోనసీమ కొబ్బరాకులు ఊగేపాటి గాలే. బాబాయ్ జొన్నాడ వైపు పైలట్‌ని అడిగాడు, రావులపాలెం ఒడ్డున ఇరవై నిమిషాలు ఆపాడు, మళ్లీ అడిగాడు, అప్పుడు పోనిచ్చాడు. వెనక హారన్లు. వాటికి ఆయనెప్పుడూ తల తిప్పడు.

సోమవారం, మంగళవారం

రాజానగరం, జగ్గంపేట, అన్నవరం, తుని. ఒక టైరు పగిలింది, ఎనభైలో ఒకటి కాబట్టి బండి ఆగకుండానే విప్పే చోటు చూసుకున్నారు. నక్కపల్లి దగ్గర వేంపాడు టోల్‌లో చివరి లేన్‌కి ఎవరో ట్రాక్టర్ అడ్డం పెట్టి భోజనానికి పోయారు. యలమంచిలి దాటాక అనకాపల్లి.

మంగళవారం రాత్రి, విశాఖ

అనకాపల్లి నుంచి ఆనందపురం వైపు బైపాస్ ఉంది గానీ, మా రిఫైనరీ అటు కాదు. లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక మీదుగా మల్కాపురం వైపు పోవాలి. నగరంలోకి రాత్రి పదకొండు తర్వాతే అన్నారు. గాజువాకలో ఆ వేళకీ జనం ఉన్నారు. మా రిపోర్టులో ఒక సెంటర్ దగ్గర డివైడర్ మధ్య ఖాళీ అని ఉంది. వెళ్లి చూస్తే అక్కడ కొత్త సిమెంటు దిమ్మెలు, వాటిలో మొక్కలు. సర్వే చేసి నెల కూడా కాలేదు. ట్రాఫిక్ ఎస్సై మంచివాడు, కార్పొరేషన్ వాళ్లతో మాట్లాడి నాలుగు దిమ్మెలు పక్కకు జరిపించి, మేం పోయాక తిరిగి పెట్టించాడు. రిపోర్టులో ఇంకో గీత.

గేటు ముందుకు చేరేసరికి నాలుగు కావస్తోంది. లోపలికి మాత్రం తొమ్మిది తర్వాతే. పొగగొట్టానికి నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ లేని బండిని రిఫైనరీలోకి రానివ్వరు. ఉస్తాద్ దాన్ని ముందే తెచ్చుకున్నాడు గానీ బిగించి చూపించాలి. వేబ్రిడ్జి మీద 32 మీటర్లు పట్టదు కాబట్టి ఒక్కో బోగీని విడిగా తూచి కలిపారు. రెండు చీటీల కూడిక మా కాగితంలో ఉన్న బరువుకు టన్నున్నర తక్కువ వచ్చింది. దాని గురించి స్టోర్స్‌లో ఒకాయన చాలాసేపు అడిగాడు. ఎక్కువ వస్తే అడగాలి గానీ తక్కువొస్తే ఏంటండీ అన్నాడు బాబాయ్.

కాలమ్‌ని రెండు క్రేన్లు ఎత్తుకున్నాక బోగీలు ఒకదానికొకటి తగిలించి, ఒకే ట్రెయిలర్‌గా కట్టేశారు. ఉస్తాద్ స్నానం చేసి, టీ గ్లాసుతో నా దగ్గరికొచ్చి రిటర్న్ పర్మిషన్ ఏమైందని అడిగాడు. ఖాళీ యాక్సిల్ వెడల్పు మూడు మీటర్లు. చట్టం చెప్పే 2.6 కంటే ఎక్కువే. ఆ కాగితం ఇంకా రాలేదని చెప్పాను. "అయితే నిద్రపోతా" అన్నాడు.